తర్నోవోలో మామ్మగారి ఇల్లు

జెర్సీ సిటీలో మేము మొదట అద్దెకున్నది మూడంతస్తుల పాత ఇటుక ఇంట్లో పై వాటా. డెబ్బై ఎనిమిది చివర్లో, చలి ముదురుతున్న రోజుల్లో నేను అక్కడికి కాపురానికి వచ్చాను. మా ఆయన వంతెనలు డిజైన్ చేసే ఆఫీసులో ఇంజనీరు. పొద్దున్నే రైలెక్కి మన్‌హాటన్ వెళితే దీపాలు పెట్టే వేళకు గానీ ఇంటికి చేరేవారు కాదు. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పట్లో నాకున్న బెంగల్లో అన్నిటికన్నా పెద్దది, చెబితే నవ్వుతారు గానీ, పెరుగు. షాపులో దొరికే పెరుగులో స్ట్రాబెర్రీయో పీచ్ పండో కలిసి ఉండేది. ఏమీ కలపనిది వెతికి తెచ్చి పాలలో తోడేస్తే జిగటగా సాగేది, లేకపోతే నీళ్ళుగా విరిగిపోయేది. పెరుగన్నం లేకుండా ఎన్ని తిన్నా నాకు భోజనం చేసినట్టుండేది కాదు.

ఒకరోజు పాలు పొయ్యి మీద పెట్టి అమ్మకు ఉత్తరం రాస్తూ కూర్చున్నాను. తలుపు దబదబ బాదారు. కింది వాటాలో ఉండే ముసలావిడ. అంతకు ముందు మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు నవ్వుకోవడమే తప్ప మాట కలవలేదు. "పాలు మాడుతున్నాయి, కింద దాకా వాసన!" అంటూ నన్ను పక్కకు జరిపి వంటింట్లోకి నడిచి పొయ్యి కట్టేసింది. బల్ల మీద ఆనాటి నా విరిగిన పెరుగు గిన్నె కనిపించింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, చేదు మందు మింగినట్టు మొహం పెట్టింది. కిందికి వెళ్ళి, గుడ్డ కప్పిన చిన్న మట్టి పిడతతో తిరిగొచ్చింది. మిగిలిన పాలు వేరే గిన్నెలో పోయించి, చల్లారుతుండగా చిటికెన వేలు ముంచి తన భాషలో అంకెలు లెక్కపెట్టింది. మూడోసారి ముంచి పది దాకా లెక్కపెట్టగలిగాక తోడు వేసింది. బాపట్లలో మా అమ్మ చేసేది కూడా అచ్చంగా అదే, లెక్కపెట్టడం ఒక్కటే తక్కువ. తన భుజం మీది ఉన్ని శాలువా తీసి గిన్నెకు చుట్టి, "పొద్దున్న దాకా కదపకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

పొద్దున్న చూస్తే చెంచాతో కోస్తే నిలబడే పెరుగు.

ఆవిడది బల్గేరియా. స్కూల్లో జాగ్రఫీ మేష్టారు గోడ మీది మ్యాపులో చూపించినప్పుడు ఆ పేరు విన్నానేమో, అంతే. ఆవిడ పేరు నాకు నోరు తిరిగేది కాదు. "మా భాషలో అమ్మమ్మని బాబా అంటారు, అలా పిలు చాలు" అంది. ఆ మాట మా ఆయనతో చెబితే, "బాబా అంటే గడ్డం ఉండొద్దూ!" అని పడీ పడీ నవ్వారు. నేను మామ్మగారూ అని మొదలుపెట్టాను. దాని అర్థం చెప్పాక ఆవిడ దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని సరేనంది.

ఆవిడ భర్త పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. నాకు మంచులో జారకుండా నడవడం నేర్పింది. లాండ్రీకి తీసుకెళ్ళి ఏ మెషిన్ బట్టలు చింపుతుందో చెప్పింది. ఎర్ర బెంగళూరు మిరపకాయలు నిప్పు మీద కాల్చి, తొక్క తీసి, టమాటాలతో కలిపి గంటల తరబడి ఉడికించి ఒక పచ్చడి చేసేది. అందులో నేను ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెడితే మొదట తిట్టింది. తరవాత సీసా అడిగి తీసుకెళ్ళింది. ఎనభై ఒకటిలో మా పాప పుట్టినప్పుడు అమ్మకి వీసా అందక రాలేకపోతే, పదకొండు రోజులూ పసిదానికి నీళ్ళు పోసింది ఆవిడే.

ఎనభై నాలుగు వేసవిలో మా ఆయన ఆఫీసు నుంచి ఒక కబురు తెచ్చారు. "సెప్టెంబర్లో సోఫియాలో బ్రిడ్జి ఇంజనీర్ల కాన్ఫరెన్స్. మా ఆఫీస్ నుంచి నన్ను పంపిస్తున్నారు. వైఫ్‌కి కూడా హోటల్ వాళ్ళే బుక్ చేస్తారట. కానీ పాపతో కష్టం కదా."

కష్టమే అనుకుని నేను ఆ సంగతి వదిలేశాను. మర్నాడు కింద కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క తీస్తూ, ఏదో మాటల మధ్య చెప్పాను. మామ్మగారి చేతిలో కత్తి ఆగిపోయింది.

"సోఫియా? మా సోఫియానా?"

"ఆ, ఎనిమిది రోజులు. ఆయనొక్కరే వెళతారు."

"పిల్లని నాకు వదిలెయ్. నువ్వు వెళ్ళు."

"మూడేళ్ళ పిల్ల మామ్మగారూ..."

"నా దగ్గర ఉంటుంది. నువ్వు వెళ్ళు" అంది మళ్ళీ. ఆ గొంతు వినగానే నాకు అర్థమైంది, ఆవిడ అడుగుతున్నది నా కోసం కాదని.

వెళ్ళడం ఖాయమయ్యాక, కూరగాయల కాగితం సంచీ ఒకటి చించి పరిచి, పెన్సిల్‌తో బొమ్మ వేసింది. ఒక గుట్ట. దాన్ని చుట్టుకుని పాములా మెలి తిరిగే నది. నది మీద చెక్క వంతెన, వంతెన దాటితే పాత చర్చి, చర్చి వెనక సందు మొదట్లో నీళ్ళు పడే రాతి తొట్టి, దాని పక్కన వాల్‌నట్ చెట్టు, చెట్టు వెనక చదరంగా ఒక గడి.

"తర్నోవో. మా రాజుల పాత ఊరు. సోఫియా నుంచి టూరిస్టుల్ని బస్సులో తీసుకెళ్ళి తీసుకొస్తారట. ఇది మా ఇల్లు. ఉందో లేదో చూసి రా. లోపలికి వెళ్ళక్కర్లేదు."

అక్కడ ఎవరున్నారని అడిగాను. తమ్ముడు ఉండాలంది. యుద్ధం అయిపోయిన వెంటనే పెళ్ళి చేసుకుని ఆవిడ దేశం దాటింది. మొదట్లో ఉత్తరాలు రాసేది. అమెరికా నుంచి ఉత్తరాలొస్తున్నాయని తమ్ముడి ఉద్యోగానికి ఇబ్బంది వచ్చింది. ఇక రాయొద్దని ఎవరి చేతో కబురు పంపాడు. ఆవిడ మానేసింది. "ఉన్నాడో లేడో" అని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

సోఫియాలో కాన్ఫరెన్స్‌కి వచ్చినవాళ్ళ భార్యలకు రోజుకో కార్యక్రమం పెట్టారు. మూడో రోజు తర్నోవో. తెల్లవారుతూనే బస్సు బయల్దేరింది. పదిహేను మంది ఆడవాళ్ళం, తలా ఒక దేశం. మాకు గైడ్‌గా వచ్చిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చుకున్నట్టు పొందికగా, ఎక్కడా తడుముకోకుండా మాట్లాడేది. నా మంగళగిరి చీర చూసి బస్సెక్కుతుండగానే, "మేడమ్, మీరు ఇండియానా? మా అమ్మ హిందీ సినిమాకి వెళ్ళిందంటే రెండు చేతిరుమాళ్ళు తీసుకెళుతుంది" అంది. నాకు హిందీ సరిగా రాదని చెబితే నమ్మలేదు.

మూడున్నర గంటల ప్రయాణం. ఎండిన పొద్దుతిరుగుడు చేలు, కొండలు, మళ్ళీ చేలు. ఊళ్ళ మీదుగా పోతుంటే వసారాలకు ఎర్ర మిరపకాయల దండలు వేలాడుతున్నాయి. గుంటూరు దారిలో కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు గుర్తొచ్చాయి. ఒక మలుపు తిరిగేసరికి తర్నోవో ఒక్కసారిగా కనిపించింది. నది మీద నిటారుగా లేచిన కొండచరియ, దాని మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఇళ్ళు. నది పేరు యాంత్రా. మామ్మగారు బొమ్మలో గీసినట్టే మెలికలు తిరిగి ఉంది.

గైడ్ మమ్మల్ని రాజుల గుట్ట మీదికి నడిపించింది. కొండకూ కోటకూ మధ్య సన్నటి రాతిదారి, మొదట్లో పెద్ద ద్వారం. "పన్నెండో శతాబ్దం చివరి నుంచి రెండు వందల ఏళ్ళు ఇది మా రాజధాని. మూడు నెలల ముట్టడి తరవాత టర్కులు తీసుకున్నారు" అని చెబుతూ ముందు నడిచింది. శత్రువుల చక్రవర్తిని బంధించారని చెప్పుకునే బురుజు చూపించింది. ద్రోహుల్ని కిందికి తోసేసే బండ చూపించింది. శిథిలాల మధ్య మోకాలెత్తు గోడలు, అక్కడక్కడ మళ్ళీ కట్టినవి. పైన కొత్తగా బాగుచేసిన చర్చి దగ్గర అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను గోడ అంచుకి వెళ్ళి కిందికి చూశాను. వంతెన ఉంది. దాని పక్కన చర్చి ఉంది. చెట్లు బోలెడన్ని ఉన్నాయి. వాల్‌నట్ చెట్టు ఎలా ఉంటుందో నాకు అసలు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

ధైర్యం చేసి గైడ్ దగ్గరికి వెళ్ళాను. "ఆ కింది పేట చూడాలని ఉంది. ఒక్క అరగంట వెళ్ళి రానా?"

ఆమె తల పైకెత్తి దించింది. ఒప్పుకుందనుకుని థాంక్యూ చెప్పి హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని కదిలాను. వెనక నుంచి పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, వద్దన్నాను! గుంపుని వదిలి వెళ్ళకూడదు."

"తల ఊపారు కదా!"

"మాకు అలా ఊపితే కాదని. ఔనంటే ఇలా" అని తల అటూ ఇటూ ఆడించింది. మన ఊళ్ళో సరేలే అన్నప్పుడు ఊపినట్టే ఉంది. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ వెళ్ళడం మటుకు కుదరదంది. అడిగినదానికి కాదంటే రెండోసారి అడిగే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

భోజనానికి ఊళ్ళో ఒక పాత ఇంటి వసారాలో కూర్చోబెట్టారు. అందరికీ మాంసం వడ్డించారు. నేను తిననంటే, ఒక గిన్నెలో చల్లటి పెరుగు పులుసులాంటిది తెచ్చిపెట్టారు. సన్నగా తరిగిన కీరా, వెల్లుల్లి, పైన వాల్‌నట్ పలుకులు. మొదటి చెంచాకే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా పై వాటా వంటింట్లో మామ్మగారు వేసవి మధ్యాహ్నాలు చేసిపెట్టే రుచి. పక్కన కూర్చున్న గైడ్ కంగారు పడింది. "వెల్లుల్లి ఘాటు ఎక్కువైందా?"

కాదని చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. మాడిన పాల దగ్గర నుంచి పాపకి నీళ్ళు పోయడం దాకా అంతా చెప్పాను. చిటికెన వేలు ముంచి లెక్కపెట్టే మాట రాగానే ఆ అమ్మాయి మొహం విప్పారింది. "మా బాబా కూడా అంతే! పది దాకా." "ఆవిడ ఎక్కడి మనిషి?" అంది.

"ఈ ఊరే. ఆ కింది పేట."

హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. చూసి, మడిచి నాకిచ్చేసింది. లేచి వెళ్ళి బస్సు డ్రైవర్‌తో ఏదో మాట్లాడింది. తిరిగొచ్చి చప్పట్లు కొట్టి అందరికీ చెప్పింది: "లేడీస్, ఇవాళ మీకు ప్రోగ్రాంలో లేనిది ఒకటి చూపిస్తాను. నది ఒడ్డున మధ్యయుగాల నాటి మఠం తవ్వకాలు. అందుకు బజారు సమయం కొంచెం తగ్గుతుంది."

బజారు తగ్గుతుందని కొందరు గొణిగారు. ఆ అమ్మాయి వినిపించుకోలేదు. గుంపుని వదలకూడదు గానీ గుంపుని తీసుకెళ్ళకూడదని ఎక్కడా లేదు కదా.

వంతెన దగ్గర బస్సు దిగి నడిచాం. చర్చి చుట్టూ కంచె, లోపల రిపేరు జరుగుతోంది. దాని వెనక సందు మొదట్లో రాతి తొట్టి కనిపించింది, ఇనుప గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయి. పక్కన గుబురుగా పెద్ద చెట్టు, నిండా పచ్చటి గుండ్రటి కాయలు. చెట్టు వెనక్కి చూశాను. ఇల్లు లేదు. ఇల్లుండాల్సిన చోట పొడుగ్గా, లోతుగా గొయ్యి. గోతిలో వరసగా రాతి గోడల పునాదులు, తాళ్ళు కట్టిన మేకులు, బకెట్లు.

గైడ్ కూడా చూసింది. మళ్ళీ గుంపు వైపు తిరిగి చెప్పసాగింది: "ఇక్కడ నిన్నమొన్నటి దాకా ఇళ్ళుండేవి. వాటిని తీసేసి తవ్వితే కింద మఠం గోడలు బయటపడ్డాయి. ఏడు వందల ఏళ్ళ నాటివి." అందరూ వంగి చూసి అబ్బురపడ్డారు. నేను మటుకు ఆ గోతిలో వంటిల్లు ఎక్కడుండేదో వెతుకుతున్నాను.

తొట్టి దగ్గర ఒక ముసలామె తలగుడ్డ కట్టుకుని బిందెలో నీళ్ళు పట్టుకుంటోంది. గైడ్ దగ్గరికెళ్ళి, నా కాగితం చూపించి, మెల్లిగా ఏదో అడిగింది. ముసలామె తల అటూ ఇటూ ఊపింది. అప్పటికి నాకు తెలుసు, అది ఔనని. గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. గైడ్ ముక్కలు ముక్కలుగా నాకు చెప్పింది.

"ఆ ఇంటి పెద్దమ్మాయినా అంటోంది... ఇద్దరూ ఒకే బళ్ళో చదివారట... ఆవిడ చచ్చిపోయిందనుకున్నాం అంటోంది."

"తమ్ముడు?"

"ఉన్నాడు. ఇల్లు తీసుకున్నప్పుడు పైన కొత్త బిల్డింగ్‌లో ఫ్లాట్ ఇచ్చారట. నాలుగో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదని తిడుతుంటాడట."

వెళ్ళి చూసే సమయం లేదు. బస్సు హారన్ కొడుతోంది. అడ్రసు నా కాగితం వెనక గైడ్ తన భాషలో, ఇంగ్లీషులో రెండు విధాలా రాసిచ్చింది. ఉత్తరాలు ఎందుకు ఆగిపోయాయో నేను చెబితే, "ఇప్పుడు ఉత్తరం రాస్తే ఎవరూ ఏమీ అనరు. రాయమనండి" అంది. నేనొక ఫొటో తీశాను: చెట్టు, తొట్టి, ముసలామె, వెనక గోతి అంచు. ఆమె నా చీర కొంగు పట్టుకుని ఆపి, చెట్టు కిందికి లాక్కెళ్ళి, రాలిన కాయలు ఏరి కొంగు నిండా పోసింది. దారిలో తిందామని పచ్చటి తొక్కలు బస్సులో కూర్చుని నేనే ఒలిచాను. చేతులకి ఏదో పసరు అంటింది. అప్పుడు పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం హోటల్లో మా ఆయనకి అంతా చెప్పాను. "ఇల్లు పోయిందని చెప్పకు" అన్నారు. "డెబ్బై ఏళ్ళ మనిషి. చెట్టు ఉంది, తమ్ముడు ఉన్నాడు, అంతే చెప్పు. లోపలికి వెళ్ళక్కర్లేదని ఆవిడే అందిగా."

ఔననుకున్నాను. తిరిగొస్తూ విమానంలో ఎలా చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకుని చూసుకున్నాను. న్యూయార్క్ ఎయిర్‌పోర్ట్‌లో కాయలు దేశంలోకి తేకూడదని అగ్రికల్చర్ ఆఫీసర్ మర్యాదగానే చెప్పి, మొత్తం చెత్తబుట్టలో పోశాడు. బతిమాలాను, కుదరలేదు. ఇంటికి చేరేసరికి నా దగ్గర మిగిలింది ఆ కాగితం, ఇంకా కడిగించని ఫిల్మ్ రోలు.

పాప పరిగెత్తుకొచ్చి నన్ను కరుచుకుంది. వారంలో బల్గేరియన్‌లో అంకెలు నేర్చేసుకుంది. మామ్మగారు కుర్చీలోంచి లేవలేదు. "చూశావా?" అంది.

"చూశాను. చెట్టు ఉంది. తొట్టిలో నీళ్ళు..." అంటూ మొదలుపెట్టాను. ఆవిడ నా చెయ్యి అందుకుంది. వేళ్ళన్నీ నల్లగా, సిరా పూసినట్టు ఉన్నాయి. ఇన్ని రోజులూ సబ్బు పెట్టి రుద్దినా పోలేదు. ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసింది. "పచ్చి వాల్‌నట్ తొక్క" అంది. "నెల దాకా పోదు. బళ్ళో మా అందరి చేతులూ ఇలాగే ఉండేవి."

ఆవిడ అలా చెయ్యి పట్టుకుని ఉండగా అబద్ధం నా నోట రాలేదు. "మామ్మగారూ, ఇల్లు లేదు. తీసేసి తవ్వారు" అన్నాను. గొయ్యి గురించి, గోడల గురించి చెప్పాను. ఆవిడ కదలకుండా విన్నది. నేను ఆపాక అడిగింది: "కింద గోడలున్నాయా? నిజంగానా?"

"ఏడు వందల ఏళ్ళ నాటివట. మఠం."

"మా అమ్మ ఎప్పుడూ అనేది, వంటింట్లో రోకలి వేస్తే కింద బోలుగా మోగుతుందని. మా నాన్న నీ చెవుల్లోనే బోలు అనేవాడు" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తమ్ముడి సంగతి, లిఫ్టు సంగతి చెప్పాను. నన్ను ఇంటికి వెళ్ళి పడుకోమంది. తరవాత రెండు రోజులు ఆవిడ పైకి రాలేదు. నేనూ కిందికి వెళ్ళి పలకరించలేకపోయాను. చెప్పకుండా ఉండాల్సిందేమోనని మథనపడ్డాను. మూడో రోజు ఫొటోలు కడిగించి తెచ్చానని చెబితే తనే వచ్చింది. భూతద్దం పట్టుకుని ఆ ఒక్క ఫొటోనే గంటసేపు చూసి, గోతి అంచు మీద గోరు పెట్టి, "ఇక్కడ పొయ్యి" అంది. ఆ ముసలామె మొహం చూసి, "ఇది లెక్కల్లో నా పలక చూసి రాసేది" అంది.

ఉత్తరం రాయడానికి ఆవిడకి నెల పట్టింది. జవాబు క్రిస్మస్ ముందు వచ్చింది. చదివి వినిపిస్తుందనుకుంటే మడిచి దిండు కింద పెట్టుకుంది. ఆ తరవాత నెలకొకటి చొప్పున వచ్చేవి. ఎనభై ఆరులో ఒక ఆదివారం పొద్దున తమ్ముడితో ఫోన్ మాట్లాడటానికి కాల్ బుక్ చేసుకుంది. తోడుగా మమ్మల్ని పిలిచింది. లైన్ కలిసింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు పిలుచుకున్నారు. ఒక అర నిమిషం అటూ ఇటూ ఏడుపు. నేను పాపని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోబోయాను. అంతలో ఆవిడ గొంతు పెరిగింది, అరుపులు మొదలయ్యాయి. చెయ్యి ఊపుతూ, కాలు నేలకేసి కొడుతూ పోట్లాడుతోంది. మూడు నిమిషాలు అయిపోయి ఫోన్ పెట్టేశాక ఏమైందని అడిగాను.

"చిన్నప్పుడు నదిలో పడ్డది నేనట! తనే నన్ను లాగాడట! పడింది వాడు. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు" అంది ఆయాసపడుతూ.

కాసేపాగి, వచ్చే ఆదివారానికి కూడా కాల్ బుక్ చేసిపెట్టమని మా ఆయనకి చెప్పింది.